ఇల్లు మారేటప్పుడు నెట్ కనెక్షన్‌ను ఏం చేయాలి?

పాలు పొంగించే ముహూర్తం, సామాన్ల బండి, గ్యాస్ సిలిండరు... ఇల్లు మారేటప్పుడు ఇవన్నీ నెల ముందే గుర్తొస్తాయి. నెట్ మాత్రం కొత్తింట్లో ఫోన్‌కి వైఫై దొరకనప్పుడే గుర్తొస్తుంది. పొద్దున్నే ఆఫీసు కాల్ ఉంటుంది, పక్కింటివాళ్లను పాస్‌వర్డ్ అడిగేంత పరిచయం ఇంకా అయి ఉండదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగండి

కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నీళ్లు, పార్కింగ్‌తో పాటు ఏయే కంపెనీల నెట్ లైన్లు ఉన్నాయో కూడా వాచ్‌మన్‌ని అడగండి. హైదరాబాద్‌లో ఒక వీధిలో ఉన్న లైను పక్క వీధిలో ఉండకపోవచ్చు. కొన్ని అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ ఒకటి రెండు కంపెనీలనే లోపలికి రానిస్తుంది. యాప్‌లో పిన్‌కోడ్ కొట్టి ‘ఉంది’ అని చూపించగానే సంబరపడొద్దు. దగ్గర్లోని ఫైబర్ బాక్సులో ఖాళీ ఉందో లేదో లైన్‌మ్యాన్ చూశాకే అసలు సంగతి తెలుస్తుంది. నిన్నటిదాకా ఉన్న లైను ఇవాళ ఉంటుందనీ లేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాల మీది కేబుళ్లు కత్తిరిస్తే చాలా ఇళ్లలో నెట్ ఆగిపోయింది.

కట్టిన డబ్బు ఎంత మిగిలిందో చూడండి

ఏడాదికి ఒకేసారి కట్టి ఐదు నెలలు వాడి ఉంటే, ఇంకా ఏడు నెలల డబ్బు కంపెనీ దగ్గరే ఉంటుంది. అదే కంపెనీ కొత్తింటికీ వస్తుందంటే పెద్ద ఇబ్బంది లేదు, మిగిలిన వాలిడిటీతో సహా షిఫ్ట్ చేయమని అడగొచ్చు. రాకపోతేనే చిక్కు. కనెక్షన్ తీసుకున్నప్పుడు వచ్చిన మెయిల్ వెతికి, రీఫండ్ గురించి, ‘ఉచిత’ రౌటర్ గురించి ఏం రాశారో చదవండి. ఇన్ని నెలలు వాడితేనే ఉచితం అనే షరతు అందులో ఉండొచ్చు. నన్నడిగితే, 11 నెలల అగ్రిమెంట్ మీద అద్దెకుండేవాళ్లు ఒక నెల ఫ్రీ అన్నారని ఏడాది ప్లాన్ తీసుకోకూడదు. మూడు నెలలకోసారి కట్టుకోవడం మేలు.

పది రోజుల ముందు షిఫ్టింగ్ రిక్వెస్ట్ పెట్టండి

యాప్‌లోనో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసో ఫ్లాట్ నంబరుతో సహా కొత్త అడ్రస్ ఇచ్చి, రిక్వెస్ట్ నంబరు రాసుకోండి. కనెక్షన్ పాత రూమ్మేట్ పేరు మీదో ఫోన్ నంబరు మీదో ఉంటే ముందు దాన్ని సరిచేసుకోండి, ఓటీపీ వాళ్లకే వెళ్తుంది మరి. షిఫ్టింగ్ చార్జీ ఎంత, దానిమీద జీఎస్టీ కలిపి చెప్తున్నారా, ఇప్పటి ప్లానే కొనసాగుతుందా, ఈ మూడూ అడగండి. చాట్‌లో అడిగితే జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. ల్యాండ్‌లైన్ కూడా ఉంటే, హైదరాబాద్ నుంచి విజయవాడకు మారినప్పుడు 040 పోయి 0866 వస్తుంది కాబట్టి పాత నంబరు మీద ఆశ వదులుకోవాలి.

ఆషాఢం పోయి శ్రావణం రాగానే అందరూ ఒక్కసారే ఇళ్లు మారతారు. ఆ రోజుల్లో పది రోజులు కాదు, పదిహేను రోజుల ముందే చెప్పండి. ఓనరు తాళం ముందుగా ఇస్తే, సామాన్లు రాకముందే లైను లాగించుకోండి. బీరువా పెట్టేశాక ఆ గోడకు కన్నం వేయడం ఎవరివల్లా కాదు. కన్నానికి ఓనరు ఒప్పుకున్నట్టు ఒక వాట్సాప్ మెసేజ్ ఉంచుకుంటే, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోత గొడవ రాదు.

సామాన్లు సర్దే రోజు

ఫైబర్ వైరు సన్నగా ఉంటుంది కానీ లోపల గాజుపోగు. మడిస్తే విరుగుతుంది. ఇంట్లోని నెట్ బాక్సు స్విచ్ ఆపి, వైరు కొన మెల్లగా తీసి, అడాప్టర్‌నూ బాక్సునూ ఒకే సంచిలో వేసి మీ చేతి బ్యాగులో పెట్టుకోండి. గోడ వెంట వచ్చిన వైరును అక్కడే వదిలేయండి. కొత్తింట్లో బిగించాక ‘లాస్’ (LOS) అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలిగితే సిగ్నల్ రావట్లేదని అర్థం. పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, లైన్‌మ్యాన్‌నే పిలవాలి.

పాత కంపెనీ అక్కడికి రాకపోతే

కొత్త కనెక్షన్ నడిచాకే పాతది ఆపించండి. పాత బాక్సు కంపెనీదైతే తిరిగి ఇచ్చేయాలి, వేరే కంపెనీ లైనుకు అది సాధారణంగా పనిచేయదు కూడా. ఇక్కడ నేనొకసారి దెబ్బతిన్నాను. వచ్చిన కుర్రాడి చేతిలో బాక్సు పెట్టి ‘సరే తమ్ముడూ’ అని పంపించేశాను. మూడు నెలలకు, బాక్సు ఇవ్వలేదు, డబ్బు కట్టండి అంటూ ఫోన్లు మొదలయ్యాయి. ఇచ్చానని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. అందుకని సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, రసీదో మెసేజో వచ్చాకే బాక్సు చేతికివ్వండి.

డబ్బు విషయం తేలకపోతే ముందు కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి, తర్వాత అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి రాయండి. ఒక్కొక్కరి ఫిర్యాదునూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిష్కరించదు, అక్కడ టైం వృథా చేసుకోవద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు వినొచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది కాబట్టి ఆ దారీ ఉంది.

పాతది ఆపించిన రోజే యూపీఐ యాప్ తెరిచి, ఆ కంపెనీకి పెట్టిన ఆటోపే తీసేయండి. కనెక్షన్ ఆగినంత మాత్రాన అది దానంతటదే పోతుందని అనుకోవద్దు.