పాత వించెస్టర్ 1873 రైఫిల్ తుడిచే ముందు జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు, తూటా ఉందనే అనుకోండి. బ్యారెల్ మూతి మనుషులు లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. లీవర్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే పిడి) తెరిచి ఛాంబర్‌లోకి, అంటే పేలే తూటా కూర్చునే చోటులోకి, టార్చ్ వేసి చూడండి. అది ఖాళీగా ఉందని ఊరుకోవద్దు. ఈ రైఫిల్‌లో తూటాలు బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో వరుసగా ఉంటాయి. నూట నలభై ఏళ్ల స్ప్రింగ్ బిగుసుకుపోతే, లీవర్ ఎన్నిసార్లు ఆడించినా ఒకటి లోపలే ఉండిపోవచ్చు. ఏమాత్రం అనుమానమున్నా తుపాకుల మెకానిక్‌కే ఇవ్వండి.

- చేతికి గ్లౌజులు, గదిలో గాలి. పాత మసిలో సీసం ఉంటుంది.
- తుడవకముందే అన్ని వైపులా ఫోటోలు, సీరియల్ నంబర్‌తో సహా.
- స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే స్క్రూల జోలికి వెళ్లొద్దు.

ఇక పాత యజమానులు చేసిన మార్పుల సంగతి. అమెరికా మైదానాల్లోని ఆదివాసీల దగ్గరున్న కొన్ని రైఫిళ్లకు చెక్క భాగం మీద ఇత్తడి మేకుల వరసలు, విరిగిన చోట పచ్చితోలు కట్టు కనిపిస్తాయి. దయచేసి వాటిని "బాగు" చేయకండి! ఆ తోలు తడిస్తే మెత్తబడి, ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. నీళ్లు, నూనె దాన్ని తాకకూడదు. మేకుల చుట్టూ చిలుము పట్టినా పాలిష్ వద్దు, అమ్మోనియా ఉన్న ద్రావకం అసలే వద్దు. ఆ మేకులు కొట్టిన చేతి గుర్తు మళ్లీ రాదు.

ఇనుము మీద స్టీల్ ఊల్ (ఉక్కు పీచు) వాడొద్దు. మెత్తటి నూలుగుడ్డ, రెండు చుక్కల నూనె చాలు.