పొరపాటున ఓటరుగా నమోదై, అమెరికా పౌరసత్వ దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఎలా అప్పీలు చేయాలి?

తెలుగు ఇళ్లలో ముఖ్యమైన కాగితాలకు ఒక ఫైలు ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్, ఓటరు కార్డు, పొలం పాసు పుస్తకం అన్నీ అందులోనే. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి గ్రీన్ కార్డుతో ఉంటున్న తల్లిదండ్రులకు కౌంటీ ఎన్నికల కార్యాలయం నుంచి పోస్టులో ఓటరు కార్డు వస్తే, అది కూడా భద్రంగా ఆ ఫైలులోకే చేరుతుంది. మన దగ్గర ఓటరు కార్డంటే గుర్తింపు పత్రం. ఇక్కడ కూడా అలాంటిదే ఏదో ఇచ్చారని అనుకుంటారు. ఐదేళ్ల తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు ఇంటర్వ్యూలో అధికారి ఆ నమోదు గురించి అడుగుతారు. కొన్ని వారాలకు తిరస్కరణ లేఖ వస్తుంది.

అసలు పొరపాటు చాలాసార్లు డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో జరుగుతుంది. 1993లో వచ్చిన జాతీయ ఓటరు నమోదు చట్టం ప్రకారం చాలా రాష్ట్రాల్లో లైసెన్సు దరఖాస్తుతో పాటే ఓటరు నమోదుకు కూడా అవకాశం ఇస్తారు. కౌంటరులో ఉద్యోగి వరుసగా అడుగుతూ పోతారు: చిరునామా ఇదేనా, అవయవదానానికి సమ్మతమేనా, ఓటరుగా నమోదు చేయమంటారా? ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పెద్దావిడ అన్నిటికీ ఒకే మర్యాదతో తల ఊపుతారు, చిన్న తెర మీద సంతకం పెడతారు. తోడు వచ్చిన కొడుకు బయట వరుసలో కుర్చీలో ఉంటాడు. తప్పు యంత్రానిది కూడా కావచ్చు. ఇల్లినాయిలో తాము పౌరులం కామని చెప్పిన 574 మంది వివరాలు కంప్యూటర్ లోపం వల్ల ఓటరు నమోదుకు వెళ్లిపోయాయని 2020లో బయటపడింది. కాలిఫోర్నియాలో 2018లో ఇలాగే సుమారు 1,500 మంది పేర్లు తప్పుగా జాబితాకు ఎక్కాయి.

కాబట్టి తిరస్కరణ లేఖ చేతిలో పడగానే సిగ్గుపడి దాచిపెట్టకండి. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు. అయితే తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కూడా కాదు. పౌరులు కానివారు పౌరులమని చెప్పుకుంటే, ఓటు వేస్తే, పౌరసత్వం రాకపోవడమే కాదు, దేశం నుంచి పంపించే ప్రక్రియ కూడా మొదలుకావచ్చు.

మొదటి పని: లేఖలో రాసిన కారణాన్ని పట్టుకోండి

"ఓటరు నమోదు వల్ల తిరస్కరించారు" అని ఇంట్లో చెప్పుకుంటాం కానీ లేఖలో ఉండే చట్టపరమైన కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. నమోదు పత్రంలో పౌరుడినని తప్పుగా చెప్పారన్నది ఒకటి. నిజంగానే ఓటు వేశారన్నది రెండోది. మూడోది చాలామంది గమనించనిది: పౌరసత్వ దరఖాస్తు ఫారమైన ఎన్-400లో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా" అన్న ప్రశ్నకు కాదని రాసి, ఇంటర్వ్యూలో ప్రమాణం చేసి కూడా కాదనే చెప్పడం. దీన్ని తప్పుడు సాక్ష్యం కింద లెక్కగడతారు.

ఈ మూడింటికీ జవాబులు వేరు. మూడోదానికి గట్టి ఆధారం ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1988లో ఒక పౌరసత్వ కేసులో చెప్పిన ప్రకారం, తప్పుడు సాక్ష్యం అనాలంటే ప్రమాణం చేసి నోటితో అబద్ధం చెప్పి ఉండాలి, ఆ అబద్ధంతో ఇమ్మిగ్రేషన్ ప్రయోజనం పొందాలన్న ఉద్దేశం కూడా ఉండాలి. తాను నమోదైన సంగతే తెలియని మనిషి ఆ ప్రశ్నకు "కాదు" అని జవాబిస్తే, ఆ ఉద్దేశం లేనట్టే. మీ లేఖలో ఉన్నది ఈ కారణమైతే, వాదనంతా "ఆమెకు తెలుసా, తెలియదా" అన్నదాని చుట్టూ తిరుగుతుంది.

రెండో పని: గడువు లెక్కపెట్టండి

అప్పీలు అని మనం పిలిచేదాని అసలు పేరు విచారణ కోసం విజ్ఞప్తి. దాని ఫారం ఎన్-336. నిర్ణయం అందిన 30 రోజుల్లోగా అది పౌరసత్వ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. లేఖ పోస్టులో పంపితే మరో మూడు రోజులు కలుస్తాయి. ఆ మూడు రోజుల మీద ఆశ పెట్టుకోకుండా లేఖ మీద ఉన్న తేదీ నుంచే 30 లెక్కపెట్టుకోవాలన్నది నా సలహా. కవరు పారేయకండి. దాని మీద ఉన్న పోస్టు ముద్ర రేపు అవసరం పడవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం రుసుము ఆన్‌లైన్‌లో 780 డాలర్లు, కాగితం మీద పంపితే 830 డాలర్లు. కట్టే ముందు సంస్థ వెబ్‌సైటులో మరోసారి చూసుకోండి. కట్టే స్తోమత లేనివారు మినహాయింపు కోసం ఐ-912 ఫారం జతచేయవచ్చు.

గడువు దాటితే సాధారణంగా ఫారం తిప్పి పంపేస్తారు, కట్టిన డబ్బు రాదు. కేసు తిరిగి తెరవడానికి చాలినంత కొత్త ఆధారమో, నిర్ణయంలో చట్టపరమైన పొరపాటు ఉందని చూపే కారణమో అందులో ఉంటే తప్ప పరిశీలించరు.

మూడో పని, ఫారం పంపకముందే: లాయరును కలవండి

ఏ ఫారమైనా సొంతంగా నింపుకోగలం అనుకునేవారు మనలో ఎక్కువ. చాలా ఫారాల విషయంలో అది నిజమే. ఇక్కడ మాత్రం వద్దు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన యూఎస్‌సీఐఎస్ మార్గదర్శకాల ప్రకారం, దరఖాస్తు తిరస్కరణకు గురైన వ్యక్తి దేశం నుంచి పంపించదగినవారని తేలితే ఇమ్మిగ్రేషన్ కోర్టుకు హాజరు కమ్మని నోటీసు ఇవ్వడం సాధారణ విధానమైంది. మీరు అప్పీలులో రాసే ప్రతి వాక్యం ఆ కోర్టులోనూ కనబడుతుంది. పైగా 2019లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఒక తీర్పులో, పౌరుడినని తప్పుగా చెప్పుకున్నందుకు పంపించేయడానికి ఆ తప్పు తెలిసి చేసి ఉండాల్సిన అవసరం లేదని చెప్పింది. అంటే "తెలియక చేశాను" అన్న ఒక్క మాట మీద నిలబడి అప్పీలు రాస్తే, పౌరసత్వం విషయంలో పనికొచ్చిన మాటే మరోచోట ఒప్పుకోలుగా మిగలవచ్చు.

లాయరంటే లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ న్యాయవాది, లేదా న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధి. "కన్సల్టెంటు"లు, పన్నుల లెక్కలు చూసేవారు, గుడిలో పరిచయమైన అనుభవజ్ఞులు ఎంత మంచివారైనా ఈ పని వారిది కాదు.

నాలుగో పని: అసలు కాగితం తెప్పించండి

ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీ జ్ఞాపకం కాదు, మీ పిల్లల జ్ఞాపకం కాదు, అధికారి రాసుకున్న నోట్సూ కాదు. ఆ రోజు పెట్టిన సంతకం కింద, పైన ఏం ఉందో చూడాలి.

కౌంటీ ఎన్నికల కార్యాలయానికి రాసి మీ ఓటరు నమోదు దరఖాస్తు ప్రతిని, ఓటు వేసిన చరిత్రను అడగండి. ఓటే వేయలేదని ఆ కార్యాలయం రాతపూర్వకంగా ఇస్తే అది బంగారం లాంటి కాగితం. లైసెన్సు కార్యాలయం నుంచి ఆ రోజు దరఖాస్తు, చూపించిన గుర్తింపు పత్రాల నమోదు తెప్పించండి. గ్రీన్ కార్డు చూపించి లైసెన్సు తీసుకున్నారని అక్కడ రాసి ఉంటే, పౌరులు కాదని ఆ కార్యాలయానికి ఆ రోజే తెలుసని రుజువైనట్టే. సమాచార స్వేచ్ఛ చట్టం కింద యూఎస్‌సీఐఎస్ దగ్గరున్న మీ ఇమ్మిగ్రేషన్ ఫైలు ప్రతి కూడా అడగండి.

కాగితం వచ్చాక దాన్ని ఇలా చదవండి. ఎన్నికల నిర్వహణపై 2002లో వచ్చిన ఫెడరల్ చట్టం తర్వాత, పోస్టులో పంపే నమోదు పత్రాల్లో "మీరు అమెరికా పౌరులా?" అన్న ప్రశ్న, అవును కాదు గళ్లు తప్పనిసరి. అవును గడిలో గుర్తు ఉందా? కాదు గడిలో ఉందా? రెండూ ఖాళీయా? గుర్తు చేత్తో పెట్టిందా, కంప్యూటర్‌లో అచ్చైందా? ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా, లేక మరెవరో గబగబా టైపు చేసినట్టు ఉందా? సంతకం తెలుగులో పెట్టిందా? గడి ఖాళీగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు కానీ పూర్తిగా కాదు. సంతకం పైనున్న ప్రమాణ వాక్యంలో నేను పౌరుడినన్న మాట తరచూ ఉంటుంది.

గడికి ఎంత బరువు ఉందో చికాగోలోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు (ఏడో సర్క్యూట్) ఇచ్చిన రెండు తీర్పులు చూస్తే తెలుస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక మహిళ ఇల్లినాయి లైసెన్సు కార్యాలయంలో తన దేశపు పాస్‌పోర్టే చూపించానని, అయినా ఓటరుగా నమోదు చేశారని చెప్పారు. తర్వాత 2006లో ఓటు వేశారు. దేశం నుంచి పంపించాలన్న ఆదేశాన్ని 2012లో కోర్టు పక్కనపెట్టింది. నిజం తెలిసిన అధికారి, తన అధికార పరిధిలో, నమోదు కావచ్చని చెప్పి ఉంటే అది ఆమెకు రక్షణ అవుతుందని చెప్పి, కేసును తిరిగి విచారించమని పంపింది. 2017 కేసులో పెరూ నుంచి వచ్చిన మహిళ పౌరురాలినన్న గడిలో తానే గుర్తు పెట్టారు, ఇంగ్లీషు బాగా చదవగలరు, ఉద్యోగి చెప్పింది "మీ ఇష్టం" అని మాత్రమే. ఆమె ఓడిపోయారు. తాను ఓటు వేసిన సంగతి పౌరసత్వ దరఖాస్తులో ఆమే నిజాయితీగా చెప్పారన్నది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఐదో పని: రాతపూర్వక వివరణ

వివరణ చిన్నదిగా, ఆ రోజు మీదే ఉండాలి. ఎవరు తీసుకెళ్లారు, ఏ పత్రాలు చూపించారు, ఏ ప్రశ్న ఎలా అర్థమైంది, సంతకం ఎక్కడ పెట్టారు, కార్డు వచ్చాక ఏం చేశారు. పెద్దవారు తెలుగులో చెప్తే అలాగే తెలుగులో రాయించి, ఇంగ్లీషు అనువాదంతో పాటు అనువాదకుల ధ్రువీకరణ జతచేయండి. వారు అనని మాటలు పిల్లలు ఇంగ్లీషులో అందంగా రాయడం ప్రమాదం. విచారణలో అధికారి అదే మాట అడిగితే ఆమె నోటి నుంచి రాదు. తోడు వెళ్లిన కొడుకు తాను చూసినంతవరకే వేరే అఫిడవిట్ ఇవ్వాలి.

కాగితంలో లేనిది కలపకండి, ఉన్నది తగ్గించకండి. "గుర్తులేదు" అన్నది నిజమైతే అదే రాయండి.

వివరణకు బలం ఇచ్చే ఇతర రుజువులు ఇంట్లోనే ఉండవచ్చు. ఉద్యోగంలో చేరినప్పుడు నింపిన ఐ-9 ఫారంలో శాశ్వత నివాసి అన్న గడి ఎంచుకున్నారా? ఓటర్ల జాబితా నుంచి జ్యూరీ పిలుపులు వస్తాయి కదా, ఆ పిలుపు వచ్చినప్పుడు పౌరులం కామని తిప్పి పంపారా? ఇలాంటి ఒక్క పాత కాగితం, తాను పౌరురాలినని ఎక్కడా చెప్పుకునే మనిషి కాదని చూపిస్తుంది.

ఇంకొక మాట. పౌరసత్వానికి సత్ప్రవర్తన ఒక అర్హత; చట్టవిరుద్ధమైన పని చేశారన్న కారణంతో అది లేదని తిరస్కరిస్తే, ఉపశమన పరిస్థితులు చూపించే అవకాశం నిబంధనల్లో ఉంది. కానీ అవి ఆ పని జరగకముందువో, జరిగిన సమయానివో అయి ఉండాలి. గుడిలో సేవ, రక్తదానం, ఇరుగుపొరుగు ఇచ్చిన ప్రశంసా లేఖలు మంచివే, వాటితో ఫైలు నింపితే మాత్రం ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

తల్లిదండ్రులిద్దరూ అమెరికా పౌరులై, 16 ఏళ్లు నిండకముందు నుంచి ఇక్కడ శాశ్వతంగా నివసించి, తానూ పౌరుడినేనని సహేతుకంగా నమ్మినవారికి చట్టంలో ప్రత్యేక మినహాయింపు ఉంది. చిన్నప్పుడే వచ్చి ఇక్కడే చదువుకున్న పిల్లల కేసుల్లో ముందు దీన్నే చూడాలి.

ఓటరు జాబితా నుంచి పేరు తీసేయించాలి, సందేహం లేదు. కానీ వరుస తప్పకండి: ముందు ప్రతులు తెప్పించుకోండి, తర్వాత తొలగింపు లేఖను లాయరుకు చూపించి పంపండి. ఆ లేఖ కూడా ఒక సాక్ష్యమే.

ఆరో పని: ఎన్-336, ఆ తర్వాత విచారణ

ముప్పై రోజుల్లో అన్ని ప్రతులూ రావు. ఫారం, రుసుము, క్లుప్తమైన కారణాలు గడువులోపే పంపి, పూర్తి వాదన, ఆధారాలు తర్వాత ఇస్తామని రాయండి. విచారణలో కొత్త ఆధారాలు ఇవ్వవచ్చు. 180 రోజుల్లోగా విచారణ పెట్టాలని నిబంధనలు చెప్తాయి. మొదట ఇంటర్వ్యూ చేసిన అధికారి కాకుండా, అదే స్థాయిలోనో పైస్థాయిలోనో ఉన్న మరొకరు వింటారు. వారు కేసు మొత్తాన్ని మొదటి నుంచి చూడవచ్చు. ప్రమాణం మళ్లీ ఉంటుంది. ప్రశ్న అర్థంకాకపోతే తల ఊపకుండా మళ్లీ అడగమని పెద్దవారికి ముందే పదిసార్లు చెప్పండి. మొదటి పొరపాటు అలాగే జరిగింది మరి.

ఇక్కడ కూడా ఓడిపోతే 120 రోజుల్లోగా ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. జడ్జి పాత నిర్ణయానికి కట్టుబడకుండా కొత్తగా విచారిస్తారు. అయితే ఆలోగా దేశం నుంచి పంపించే కేసు మొదలైతే పౌరసత్వం మంజూరు చేసే దారి ఆగిపోతుంది. కొందరికి లాయరు అప్పీలు వద్దని, కొంతకాలం ఆగి కొత్తగా దరఖాస్తు చేయమని చెప్పవచ్చు. ఆ సలహా విని నిరాశపడకండి, కారణం అడిగి తెలుసుకోండి.

పౌరసత్వం తిరస్కరించినంత మాత్రాన గ్రీన్ కార్డు పోదు. గడువు తీరబోతుంటే రెన్యువల్ సంగతి కూడా లాయరుతోనే మాట్లాడండి. కేసు నడుస్తుండగా ఊళ్లో మనవరాలి పెళ్లి ఉందని హైదరాబాదుకో విజయవాడకో టికెట్టు కొనాల్సి వస్తే, కొనకముందే ఫోను చేసి అడగండి. తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఇదే నమోదు గురించి ప్రశ్నించవచ్చు. అక్కడ చెప్పే జవాబు కూడా ఫైలులోకే వెళ్తుంది.