ఆర్చీ మీద 1914 అని ఉంటే నమ్మేయకండి: ఊరి హైస్కూలు చరిత్ర రాసే పద్ధతి

మా హైస్కూలు గేటుకు సిమెంటు ఆర్చీ ఉంది. దాని మీద నీలం రంగులో "స్థాపితం 1914". అందుకని 2014లో శతజయంతి చేశాం. అక్కడే ఏళ్ల తరబడి సోషల్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి సావనీరులో చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. ఆర్చీ మీది ఏడాదితో మొదలుపెట్టి నాలుగు పేజీలు దంచేశాను. సావనీరు పంచడం, సన్మానాలు, భోజనాలు అన్నీ అయిపోయాక ఆరు నెలలకు తెలిసింది, 1914లో మా ఊళ్లో హైస్కూలే లేదని. ఆ ఏడు జరిగిందల్లా ఒక రైతు బడి కోసం ఎకరంన్నర రాసివ్వడం. అసలు హైస్కూలు 1919లో వచ్చింది. అయిదేళ్లు ముందే నూరేళ్ల పండగ చేసేశాం.

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు ఈ పని మీకు అప్పజెప్పే ఉంటారు. నేను తప్పిన చోట్లు చెబుతాను, మీరు తప్పకండి.

ముందు "హైస్కూలు" అంటే ఏమిటో తేల్చుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో అయిదో తరగతి దాటాక ఫారాలు ఉండేవి. ఫస్ట్ ఫారం అంటే ఇప్పటి ఆరో తరగతి, థర్డ్ ఫారం అంటే ఎనిమిది. అక్కడితో ఆగితే అది మిడిల్ స్కూలు. ఫోర్త్ ఫారం నుంచి సిక్స్త్ ఫారం దాకా ఉంటేనే హైస్కూలు. సాధారణంగా ఏడాదికొక ఫారం చొప్పున పెంచుకుంటూ పోయేవారు. కాబట్టి ఒక స్కూలుకు కనీసం నాలుగు పుట్టినరోజులు ఉంటాయి: ఎలిమెంటరీ పెట్టిన రోజు, ఫస్ట్ ఫారం తెరిచిన రోజు, ఫోర్త్ ఫారానికి అనుమతి వచ్చిన రోజు, మొదటి బ్యాచి పెద్ద పరీక్ష రాసిన రోజు. ఆ పెద్ద పరీక్ష 1857 నుంచి మద్రాసు యూనివర్సిటీ వారి మెట్రిక్యులేషన్. 1911 ప్రాంతంలో దాని స్థానంలో ఎస్సెస్సెల్సీ వచ్చింది. మా మొదటి బ్యాచి ఎస్సెస్సెల్సీకి కూర్చున్నది 1922లో. ఇందులో మీరు దేన్ని "స్థాపన" అంటున్నారో మొదటి పేరాలోనే చెప్పేయండి, సగం తగాదాలు తీరిపోతాయి.

రెండో మాట. బడి ఎప్పుడు పెట్టారని అడగకండి, డబ్బు ఎవరిచ్చారని అడగండి. జ్ఞాపకాలు పోతాయి గానీ డబ్బు చేతులు మారిన చోట కాగితం ఉంటుంది. 1854లో చార్లెస్ వుడ్ లండన్ నుంచి పంపిన డిస్పాచ్ (చదువుల మీద సర్కారు ఉత్తర్వు లాంటి లేఖ) తర్వాత ప్రైవేటు బళ్లకు సర్కారు గ్రాంటు ఇవ్వడం మొదలైంది. గ్రాంటు ఊరికే రాదు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షించి, గదులు చూసి, రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టులే ఇవాళ మనకు దిక్కు.

ఆ డబ్బు ఒక్కో చోట ఒక్కోలా వచ్చింది. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన ఇంగ్లీషు బడి మిషనరీ డబ్బుతో నడిచింది. 1852లో అక్కడి విద్యార్థులు ఇద్దరు క్రైస్తవం పుచ్చుకునేసరికి ఊరు భగ్గుమని, బడి దాదాపు ఖాళీ అయిపోయింది. మళ్లీ నిండింది కూడా. ఇంగ్లీషు వస్తే సర్కారు కచేరీలో ఉద్యోగం వస్తుందని తండ్రులకు తెలుసు. విజయనగరంలో 1857 నాటి బడికి పెద్ద దిక్కు రాజావారు. మా గోదావరి డెల్టా కథ మాత్రం వేరు, నాకు బాగా నచ్చేది ఇదే. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి చేలల్లోకి నీళ్లొచ్చాయి. ఆ దశకంలోనే నరసాపురం వైపు సబ్‌కలెక్టరు టేలర్, శిస్తుతో పాటు బడి కోసం కొద్దిపాటి పన్ను వేసుకోవడానికి గ్రామాలను ఒప్పించాడు. రైతులు తమ మీద తామే పన్ను వేసుకున్నారన్న మాట! ఆ ఏర్పాటుకు చట్టబలం ఇవ్వడానికే 1863లో మద్రాసు విద్యా చట్టం తెచ్చారు. మీ ఊరు డెల్టాలో ఉంటే ఈ కోణం వదలకండి.

ఇక పనిలోకి. స్కూల్లో పాత బీరువా ఒకటి ఉంటుంది, తాళం చెవి అటెండరు దగ్గర ఉంటుంది. హెడ్మాస్టారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ తర్వాత అటెండరుకు టీ ఇప్పించండి. మీకు కావలసింది అడ్మిషన్ రిజిస్టరు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు కుట్టిన పుస్తకం, ఫీజు రిజిస్టరు. చెదలు పట్టిన పుస్తకాన్ని విదిలించకండి. కిటికీ దగ్గర పెట్టి, పేజీ మొత్తం వచ్చేలా ఫోన్‌తో ఫొటోలు తీయండి. నేను సగం పేజీలే తీసుకొచ్చి మళ్లీ రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది.

అడ్మిషన్ రిజిస్టరులో పుట్టినతేదీల్ని పట్టించుకోకండి. జూలై ఒకటిన పుట్టినవాళ్లే ఎక్కువ ఉంటారు, అవి మాస్టార్లు వేసిన తేదీలు. తండ్రి వృత్తి, కులం, ఫీజు మినహాయింపు ఉన్న గళ్లు చూడండి. బడి ఎవరికోసం నడిచిందో అక్కడే తెలుస్తుంది. మా రిజిస్టరులో మొదటి పేజీలన్నీ కరణాలు, మోతుబరులు, ప్లీడరు గుమాస్తాల పిల్లలే. "ఆది ఆంధ్ర" అన్న మాట కనబడితే ఆ పేజీ దాదాపు 1922 తర్వాతదే, అప్పుడే సర్కారు కాగితాల్లో దళితులకు వాడే "పంచమ" తీసి ఆ మాట పెట్టారు. అట్టపోయిన రిజిస్టరు ఏ కాలానిదో నేను అలాగే గుర్తుపట్టాను. మొదటి ఆడపిల్ల పేరు ఏ ఏట వచ్చిందో కూడా వెతకండి. సావనీరులో నేను రాయనిది అది, మొదట అడిగింది మా ఆవిడే.

తేదీల దగ్గర రెండు చిక్కులు. దస్తావేజుల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది, ఇంగ్లీషు ఏడాది కావాలంటే దానికి 590 కలపండి. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, పైగా కాగితాలు ఉర్దూలో ఉంటాయి, కాబట్టి తెలంగాణ మిత్రులు చదివిపెట్టే మనిషిని ముందే చూసుకోవాలి. శిలాఫలకాల మీద తెలుగు సంవత్సరం ఉంటే అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుందని గుర్తుంచుకోండి. మా ఫలకం మీద "సిద్ధార్థి" ఉంది. అది 1859 కావచ్చు, 1919 కావచ్చు, 1979 కావచ్చు. ఫలకం మీద దాత పేరు చూసి, ఆయన దానపత్రం కోసం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళితే అసలు సంగతి బయటపడింది.

స్కూలు బయట వెతికేటప్పుడు జిల్లా పేరుతో మోసపోకండి. మాది తణుకు తాలూకా. 1904 దాకా గోదావరి జిల్లా, తర్వాత కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. నేను 1919 నాటి రిపోర్టు కోసం గోదావరి కింద రెండు రోజులు వెతికాను. ఉన్నది కృష్ణా కింద. మద్రాసు విద్యాశాఖ వార్షిక నివేదికలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మిగతావాటికి చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ మంచి చోటు. స్కూలు పేరు కూడా మారుతూ వస్తుంది. మన ముసలివాళ్లు "బోర్డు హైస్కూలు" అనేది డిస్ట్రిక్ట్ బోర్డును బట్టి. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాకే అది "జెడ్పీ హైస్కూలు" అయింది.

సర్కారు రిపోర్టులో లేదంటే బడి లేనట్టు కాదు. బందరులో 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల లాంటివి సర్కారు చెయ్యి పట్టుకోకుండా నడిచాయి. అలాంటివాటికి కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రిక పాత సంచికలు తిరగేయాలి. ఇంకోవైపు, 1822లో మద్రాసు గవర్నరు మన్రో లెక్క తీయించిన వీధి బళ్లలో మీ ఊరి బడి ఉందని, "మా హైస్కూలుకు రెండొందల ఏళ్లు" అని రాసేయకండి. అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించిన బడికీ, ఫారాలున్న బడికీ మధ్య తాడు ఉందని కాగితం చూపిస్తే తప్ప కలపకూడదు.

పెద్దవాళ్లను కలిసినప్పుడు "ఏ సంవత్సరం తాతా?" అని అడిగితే ఏదో ఒకటి చెబుతారు. అలా కాదు. "మీరు చేరినప్పుడు బెంచీలు ఉన్నాయా, కింద కూర్చున్నారా? లెక్కలు ఇంగ్లీషులో చెప్పారా, తెలుగులోనా? ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మీరు ఏ ఫారం?" అని అడగండి. తొంభై దాటిన ఒక పెద్దాయన నాకు ఏడాది ఒక్కటి కూడా సరిగ్గా చెప్పలేదు గానీ, స్కూలు గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఎవరు తెచ్చారో, ఏ చెట్టుకు కట్టారో చెప్పాడు. ఆ ముక్క ఇప్పటికీ వరండాలో ఉంది.

రాసినదాన్ని అచ్చుకు ముందు ఇద్దరికి చూపించండి, ఒకరు లెక్కల మాస్టారు అయితే మంచిది. మా ఆర్చీ మాత్రం ఇంకా అలాగే ఉంది. మార్చమని అర్జీ ఇచ్చాను. మళ్లీ రంగులు వేయించినప్పుడు చూద్దామన్నారు. మొన్న సంక్రాంతికి వేయించారు, 1914 ఇంకా మెరుస్తోంది.