గట్లు లెక్కపెడితే తరాలు తెలుస్తాయి

కర్నూలులో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. డీఎన్ఏలో జనాల చరిత్ర ఎలా చదువుతారని ఎవరైనా అడిగితే ముందు చేను గురించి చెబుతాను. తాత పదెకరాల చేనును కొడుకులు పంచుకుంటారు, మనవలు మళ్లీ గట్లు వేస్తారు. ఇవాళ్టి చెక్క వెడల్పు చూసి ఎన్ని పంపకాలు జరిగాయో చెప్పవచ్చు. డీఎన్ఏ పోగులైన క్రోమోజోములూ తరతరానికీ తెగి అతుక్కుంటాయి. ఒక పూర్వీకుడి ముక్క పొట్టిదవుతూ పోతుంది.

లెక్క సులువు. ఇద్దరికి ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ముక్క సగటు పొడవు కావాలంటే 50ని తరాల సంఖ్యతో భాగించండి. కొలత సెంటీమోర్గాన్లలో వస్తుంది. ఒక్కొక్కటి సుమారు 10 లక్షల డీఎన్ఏ అక్షరాలు. 10 తరాలైతే 5, 100 తరాలైతే అర.

నమూనాల కోసం ఊళ్లు తిరగనక్కర్లేదు. జీనోము అంటే ఒక మనిషి మొత్తం డీఎన్ఏ. 1000 జీనోముల ప్రాజెక్టు ఉచితంగా ఇచ్చిన 2,504 మంది సమాచారంలో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లూ వంద మంది దాకా ఉన్నారు. వాళ్లే మన పల్లెలకు ప్రతినిధులని మాత్రం అనుకోకండి. లెక్కలు వేయడానికి ప్లింక్ అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాం చాలు.

మొదట దగ్గరి చుట్టాలను ఏరివేయండి. ఇది చేయకుండానే ఒకసారి, మనుషులను పోలికలను బట్టి చుక్కలుగా పరిచే పటం గీశాను. ఏడు చుక్కలు దూరంగా గుంపుకట్టాయి. ఎవరూ గుర్తించని పాత సమూహం దొరికిందని రాత్రంతా మేలుకుని వ్యాసం మొదలుపెట్టాను. పొద్దున బంధుత్వం లెక్క వేస్తే ఏడుగురూ ఒకే ఇంటివాళ్లు!

తర్వాత మన సీమలో అందరూ తడబడే చోటు మేనరికం. తల్లి ఇచ్చిన ప్రతి, తండ్రి ఇచ్చిన ప్రతి అచ్చంగా ఒకేలా ఉన్న ముక్కలను వెతకండి. మేనమామను చేసుకున్న తల్లి బిడ్డకు జీనోములో సగటున 8వ వంతు అలా ఉంటుంది. మేనబావనైతే 16వ వంతు. అవి పొడవాటి ముక్కలు. వాటిని చూసి కులం పుట్టుక గురించి మాట్లాడకండి, అది నిన్నమొన్నటి పెళ్లి. పాత కథ పొట్టి ముక్కల్లో, చుట్టరికం లేనివాళ్లు కూడా పంచుకున్న వాటిలో ఉంటుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికా శాస్త్రవేత్తలు 2009లో ఆంధ్ర వైశ్యుల్లో చూసింది అదే: సుమారు 100 తరాల కింద కొద్దిమందితో మొదలై, బయటి సంబంధాలు బహు తక్కువగా సాగిన వంశాలు. వారిలో కొందరికి ఆపరేషన్ సమయంలో కండరాలు సడలించే ఒక మందు ప్రభావం ఎంతకీ వదలకపోవడానికీ మూలం అక్కడే.

నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74,000 ఏళ్ల నాటి బూడిద, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతానిది, దాని కింద రాతి పనిముట్లు దొరికాయి కదా, అవి చేసినవాళ్లు మన తాతలేనా అని పిల్లలు ఏటా అడుగుతారు. తరానికి 29 ఏళ్ల చొప్పున 2,500 తరాలు దాటుతుంది. 50ని దాంతో భాగించి చూడమంటాను. 0.02 వస్తుంది. అంత సన్నటి చెక్కకు గట్టు ఎక్కడుందో ఈ పద్ధతిలో కనిపించదు.