రూట్ ఫోన్‌కి కాపలా – మూడో పాఠం: పెత్తనం ఎవరెవరికి ఇచ్చాం?

గత పాఠం చివర చిన్న పని ఒకటి అప్పగించాను. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి 'గెటెన్‌ఫోర్స్' అని కొట్టి ఏం జవాబు వస్తుందో చూడమన్నాను. 'ఎన్‌ఫోర్సింగ్' అని వచ్చిందా, ఏ ప్రోగ్రామ్ ఏం ముట్టుకోవచ్చో చూసే ఆండ్రాయిడ్ కాపలాదారు ఎస్‌ఈలినక్స్ తన పని తాను చేసుకుంటోంది. అనుమతి లేదని కసురుకున్నా సంతోషించండి, అలా కసురుకున్నది ఆ కాపలాదారే. 'పర్మిసివ్' అని వస్తే మాత్రం ఈ పాఠం పక్కన పెట్టి, ముందు మీరు వేసుకున్న కెర్నల్‌నో (వ్యవస్థకు గుండెకాయ లాంటిది), కస్టమ్ రోమ్‌నో (బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) మార్చండి. 2013లో ఆండ్రాయిడ్ 4.3తో వచ్చిన కొత్తలో ఎస్‌ఈలినక్స్ జరిగిన తప్పు రాసుకునేదే గాని ఎవరినీ ఆపేది కాదు. 2014లో 5.0 వచ్చాకే పూర్తిగా అడ్డం నిలబడడం మొదలైంది. పర్మిసివ్‌లో నడుస్తున్న ఫోన్ ఇప్పటికీ ఆ 4.3 రోజుల్లోనే ఉన్నట్టు లెక్క.

ఇక ఇవాళ్టి విషయం. రూట్ చేయగానే, అంటే ఫోన్ మీద సర్వాధికారం తీసుకోగానే, దానికి తలుపులు ఊడిపోతాయని కొందరు భయపెడతారు. అది సగమే నిజం. తలుపులు ఉన్నచోటే ఉంటాయి. అన్ని తలుపులకూ పట్టే ఒక తాళంచెవి కొత్తగా తయారై మీ చేతికొస్తుంది. ఆ చెవికి మీరు ఎన్ని నకళ్లు తీయించారు, ఎవరికిచ్చారు అన్నదే అసలు లెక్క. చాలామంది ఆ లెక్క రాసుకోరు. నేనూ రాసుకోలేదు, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు ఆ తాళంచెవి ఎలా ఉంటుందో కళ్లతో చూద్దాం. టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ తెరిచి ఐ, డి అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టండి. 'యూఐడీ' పక్కన పదివేలకు పైబడిన ఒక సంఖ్య కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే కదా. ఒకే కంప్యూటరును నలుగురు మనుషులు వాడుకునేటప్పుడు ఒకరి ఫైళ్లు ఇంకొకరికి కనబడకుండా లినక్స్ చేసిన ఏర్పాటునే ఆండ్రాయిడ్ యాప్‌లకు వాడుకుంది. మనిషికో నంబరు బదులు యాప్‌కో నంబరు, 10000 నుంచి మొదలు. మీ మెసేజ్ యాప్‌కి ఒక నంబరు, కెమెరా యాప్‌కి ఇంకొకటి. ఎవరి గది వారిది.

ఇప్పుడు ఎస్, యూ అని కొట్టండి. రూట్ అనుమతులను చూసుకునే మ్యాజిస్క్ యాప్ మీ అనుమతి అడుగుతుంది. 'ఒక్కసారికి' అన్నది ఎంచుకుని ఒప్పుకోండి. మళ్లీ ఐ, డి కొట్టండి. ఈసారి నంబరు సున్నా. ఆ సున్నాకి ఏ గదీ అడ్డు కాదు. ఏ యాప్ డేటా ఫోల్డర్‌నైనా తెరుస్తుంది, మెసేజ్‌ల డేటాబేస్ చదువుతుంది, తెర ఫొటో తీస్తుంది, మిమ్మల్ని అడగకుండా యాప్ ఎక్కిస్తుంది, తనకు కావలసిన పర్మిషన్ తనే ఇచ్చుకుంటుంది. చివరలో 'మ్యాజిస్క్' అన్న మాట కూడా కనిపిస్తుంది చూడండి. ఎస్‌ఈలినక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉన్నా ఈ ఒక్కరికి దారి వదలమని ముందే చేసిన ఏర్పాటు అది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రైవసీ డాష్‌బోర్డ్ అని ఒకటుంది. ఏ యాప్ ఎప్పుడు మైకు వాడింది, ఎప్పుడు లొకేషన్ తీసుకుంది అని గంటల వారీగా చూపిస్తుంది. మామూలు ఫోన్‌లో అది పనికొచ్చేదే. కానీ అది లెక్కపెట్టేది ముందు గుమ్మం నుంచి, అంటే పర్మిషన్ అడిగి వచ్చినవాళ్లను. సున్నా నంబరుతో నడిచే ప్రోగ్రామ్ మీ కాంటాక్టుల పర్మిషన్ అడగాల్సిన పనే లేదు. నేరుగా కాంటాక్టుల ఫైలే తెరిచి చదువుకుంటుంది. డాష్‌బోర్డ్‌లో ఒక్క గీత కూడా పడదు. కాబట్టి రూట్ ఇచ్చిన యాప్ విషయంలో డాష్‌బోర్డ్ ఖాళీగా ఉందని ధైర్యపడొద్దు.

ఊరట కలిగించే సంగతి కూడా ఒకటి చెప్పాలి. హార్డ్‌వేర్ కీస్టోర్‌లో దాచిన తాళాలను రూట్ కూడా బయటికి లాగలేదు. అవి ప్రాసెసర్‌లో విడిగా కట్టుకున్న గదిలోనో, వేరే చిప్‌లోనో ఉంటాయి. అయితే బయటికి లాగలేకపోయినా, ఫోన్ తెరిచి ఉన్నంతసేపు వాటిచేత పని చేయించుకోవచ్చు. దొంగ పెట్టెను ఎత్తుకుపోలేడు గాని, ఇంట్లో ఉన్నంతసేపు తెరిచి వాడుకోగలడు.

సరే, లెక్క మొదలుపెడదాం. మ్యాజిస్క్ యాప్‌లో కింద 'సూపర్‌యూజర్' అన్న ట్యాబ్ నొక్కండి. ఇప్పటిదాకా మీరు ఔను, కాదు అని జవాబు చెప్పిన ప్రతి యాప్ అక్కడ వరసగా కనిపిస్తుంది. ఒక్కోదాని పేరు చదివి, గడచిన నెల రోజుల్లో దీనితో రూట్ పని ఏం చేశాను అని మిమ్మల్ని మీరే అడగండి. వెంటనే జవాబు రాకపోతే స్విచ్ ఆపేయండి. రేపు నిజంగా అవసరమైతే ఇక్కడికే వచ్చి మళ్లీ స్విచ్ వేసుకోవచ్చు, కొంపేమీ మునగదు.

నా సంగతి ఇదిగో. ఒకప్పుడు ఏదో ఫైల్ మేనేజర్‌కి 'ఎప్పటికీ' అని నొక్కి మర్చిపోయాను. చాలాకాలం తర్వాత ఊసుపోక, ఎవరెప్పుడు రూట్ వాడారో మ్యాజిస్క్ రాసుకునే లాగ్ తెరిస్తే, నేను నిద్రలో ఉన్న వేళ, తెల్లవారుజామున మూడింటికి అది రూట్ వాడుకున్నట్టు రాసి ఉంది. తవ్వి చూస్తే చెత్త ఫైళ్లు ఊడ్చే పని, ఏదో అప్‌డేట్‌లో కొత్తగా చేరిందట. హాని లేదు. కానీ నేను అనుమతి ఇచ్చిననాడు ఆ పని అందులో లేదు! రూట్ అనుమతిని మ్యాజిస్క్ రాసుకునేది యాప్ నంబరు పేర. అప్‌డేట్ వచ్చినా నంబరు మారదు, కాబట్టి మళ్లీ అడగదు. యాప్‌ని ఇంకొకరు కొనేసి, సంతకం చేసే కీతో సహా చేతులు మారినా అంతే. మీరు ఒప్పుకున్నది నిన్నటి యాప్‌కి, పెత్తనం అనుభవించేది ఇవాళ్టి యాప్.

అందుకే అడిగే తెర మీద 'ఎప్పటికీ' పక్కనే ఉన్న మిగతా జవాబులను వాడడం అలవాటు చేసుకోండి. ఒక్కసారికి, పది నిమిషాలకు, ఇరవైకి, ముప్పైకి, అరవైకి. బ్యాకప్ యాప్‌కి అరవై నిమిషాలు చాలు. ఫైల్ మేనేజర్‌కి పది. 'ఎప్పటికీ' అన్న మాట ఫైర్‌వాల్‌లాంటి వాటికి, ఫోన్ తెరుచుకోగానే మీ ప్రమేయం లేకుండా పని మొదలెట్టాల్సిన వాటికి మాత్రమే. నా ఫోన్‌లో అలాంటివి ఇప్పుడు రెండే ఉన్నాయి.

టెర్మక్స్‌ని ఆ రెండింటిలో ఎందుకు చేర్చలేదో చెబుతాను. అనుమతి నంబరుకి అన్నాను కదా. టెర్మక్స్ లోపల మీరు నడిపే ప్రతి స్క్రిప్టూ, పైథాన్‌తో దింపుకున్న ప్రతి లైబ్రరీ, ఎవరో ఇచ్చారని కాపీ కొట్టి అతికించిన ప్రతి వరసా అదే నంబరుతో నడుస్తాయి. టెర్మక్స్‌కి శాశ్వతంగా ఔనంటే వాటన్నిటికీ ఔనన్నట్టే. ఏ స్క్రిప్టు మధ్యలోనైనా ఎస్‌యూ అని ఒక్క మాట ఉంటే చాలు, మీకు ఏ ప్రశ్నా రాకుండానే సున్నా నంబరు దానికి దక్కుతుంది. ఆటోమేషన్ యాప్‌లదీ ఇదే దారి. మీరు రాసుకున్న పనులకు భయం లేదు గాని, ఇంకొకరు పంచిన పనులను దింపుకుని నడిపేటప్పుడు ముందు విప్పి చదవండి.

జాబితాలో 'షెల్' అన్న పేరు కనిపిస్తోందా? అది యాప్ కాదు, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే ఏడీబీ అనే పనిముట్టుతో వచ్చే దారి. మ్యాజిస్క్ సెట్టింగ్స్‌లో 'సూపర్‌యూజర్ యాక్సెస్' అన్నచోట 'యాప్స్ మాత్రమే' అని మార్చేయండి. కంప్యూటర్‌తో పని ఉన్నరోజు తిరిగి తెరుచుకోవచ్చు. యూఎస్‌బీ డీబగ్గింగ్ కూడా వాడనప్పుడు ఆపేసి, పాత కంప్యూటర్లకు ఇచ్చిన అనుమతులు డెవలపర్ ఆప్షన్స్‌లోంచి రద్దు చేయండి.

అదే మ్యాజిస్క్ సెట్టింగ్స్ పేజీలో ఉన్నాం కాబట్టి ఇంకో రెండు చూసుకుందాం. 'ఆటోమేటిక్ రెస్పాన్స్' అన్నది తప్పకుండా 'ప్రాంప్ట్' మీదే ఉండాలి. అడిగినవాళ్లందరికీ ఔనని తనే చెప్పేలా దాన్ని మార్చుకున్న ఫోన్లు చూశాను. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే అదే. గడువు పది సెకన్లు ఉంటుంది, ఆలోగా మీరు పలకకపోతే కాదన్నట్టే, దాన్ని కదపొద్దు. రెండోది, రూట్ అడిగినప్పుడు వేలిముద్రో పిన్నో కూడా కోరే సెట్టింగ్. ఇది ఆన్ చేస్తే మీ ఫోన్ కాసేపు ఎవరి చేతిలోనో ఉన్నా, తెర మీద తనే నొక్కగల యాప్ ఏదైనా దూరినా, ఒట్టి 'ఔను' బొత్తాంతో పని జరగదు.

ఇంతసేపూ మనం చూసింది అడిగి తీసుకునేవాళ్ల జాబితా. అడగనివాళ్లు వేరే ఉన్నారు. అవే మాడ్యూళ్లు, అంటే ఫోన్‌లో మార్పుల కోసం మ్యాజిస్క్‌కి తగిలించుకునే అదనపు ముక్కలు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, వీటి గురించే అన్నట్టుంటుంది. మాడ్యూల్ అంటే ఒక జిప్ ఫైలు. ఎక్కించే క్షణం నుంచే దాని స్క్రిప్టులు సున్నా నంబరుతో నడుస్తాయి. ఆ తర్వాత ఫోన్ తెరుచుకునే ప్రతిసారీ, లాక్ స్క్రీన్ మీకు కనిపించక ముందే మళ్లీ నడుస్తాయి. సూపర్‌యూజర్ జాబితాలో వాటి పేరుండదు, ఏ ప్రశ్నా రాదు. యాప్‌లలోకి దూరడానికి మ్యాజిస్క్ ఇచ్చే జైగిస్క్ అనే సౌకర్యాన్ని వాడే మాడ్యూల్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, తెరుచుకునే యాప్‌ల లోపలే కూర్చోగలదు. అక్షరాల రూపు మార్చే మాడ్యూల్‌కీ, మీ పాస్‌వర్డ్‌లు ఏరుకునే మాడ్యూల్‌కీ మ్యాజిస్క్ దృష్టిలో తేడా లేదు.

ఒకప్పుడు మ్యాజిస్క్ యాప్‌లోనే మాడ్యూళ్ల భాండాగారం ఉండేది. 2022లో 24వ వెర్షన్‌తో దాన్ని తీసేశారు. అప్పటి నుంచి ఎవరి జిప్ ఎక్కడ దొరికితే అక్కడి నుంచి దింపుకోవడమే. అందుకని ఎక్కించే ముందు విప్పి చూడడం నేర్చుకోవాలి. ప్రోగ్రామింగ్ రాకపోయినా పర్వాలేదు. జిప్‌ని మామూలుగా తెరవండి. పేరు చివర 'ఎస్‌హెచ్' అని ఉన్న ఫైళ్లు స్క్రిప్టులు. 'కస్టమైజ్' అన్నది ఎక్కించేటప్పుడు ఒక్కసారి నడిచేది, 'పోస్ట్-ఎఫ్‌ఎస్-డేటా', 'సర్వీస్' అన్నవి ఫోన్ తెరిచిన ప్రతిసారీ నడిచేవి. వీటిని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి మూడింటి కోసం వెతకండి. ఇంటర్నెట్ చిరునామాలేమైనా ఉన్నాయా? 'కర్ల్', 'డబ్ల్యుగెట్' లాంటి దింపుకునే ఆదేశాలున్నాయా? అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల ముద్ద ఉందా? అక్షరాల రూపు మార్చే మాడ్యూల్‌కి ఇంటర్నెట్‌తో ఏం పని అని అడిగే బుద్ధి ఉంటే చాలు, సగం పని అయినట్టే. ముద్దలా ఉన్నదేదైనా కనిపిస్తే నేనైతే ఎక్కించను, అది ఎంత మంచి మాడ్యూల్ అని చెప్పినా సరే.

'ఎస్‌ఓ' అన్న చివరతో ఫైళ్లుంటే అవి కంపైల్ చేసినవి, చదవలేం. అప్పుడు దాని సోర్స్ కోడ్ బహిరంగంగా ఉందా, జిప్ కూడా అక్కడి నుంచే విడుదలవుతోందా చూడండి. 'మాడ్యూల్ డాట్ ప్రాప్' అన్న ఫైల్లో అప్‌డేట్ ఎక్కడి నుంచి వస్తుందో చిరునామా ఒక వరసలో రాసి ఉండొచ్చు. ఆ చిరునామా, సోర్స్ ఉన్నచోటు ఒకటి కాకపోతే ఎందుకో తెలుసుకోండి. ఈ జాగ్రత్త మ్యాజిస్క్‌కీ వర్తిస్తుంది. 2016లో జాన్ వూ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు ఉన్న అసలు చోటు ఆయన గిట్‌హబ్ పేజీ ఒక్కటే. మ్యాజిస్క్ పేరుతో అందంగా కనిపించే వెబ్‌సైట్లు వేరేవాళ్లవి. వెతికితే ముందు అవే ఎదురైనా వాటి జోలికి పోవద్దు.

మాడ్యూల్ వల్ల ఫోన్ లోగో దగ్గరే ఆగిపోతే కంగారుపడి మొత్తం తుడిచేయకండి. తెరుచుకునేటప్పుడు వాల్యూమ్ తగ్గించే బొత్తాం పట్టుకుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. చాలా ఫోన్లకు దారి అదే, మీ మోడల్‌కి వేరే బొత్తాం ఉందేమో ముందే చూసి పెట్టుకోండి. సేఫ్ మోడ్ కనబడగానే మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నిటినీ ఆపేస్తుంది. మళ్లీ మామూలుగా తెరిచినా అవి ఆగే ఉంటాయి. ఒక్కొక్కటే తిరిగి వేస్తూ తప్పు ఎవరిదో పట్టుకోవచ్చు.

మ్యాజిస్క్‌లోనే ఉండే డినైలిస్ట్ అనే జాబితా గురించి రెండు ముక్కలు. పేరు చూసి అది యాప్‌లను అడ్డుకునే గోడ అనుకుంటారు. కాదు. జాబితాలో పెట్టిన యాప్ దగ్గర మ్యాజిస్క్ తన మార్పులను వెనక్కి తీసుకుంటుంది, అంతే. మీ డేటాను అది ఎవరి నుంచీ కాపాడదు.

వచ్చే పాఠానికి ముందు ఈ పని చేయండి. సూపర్‌యూజర్ జాబితాలో ఎన్ని పేర్లున్నాయో, ఎన్ని మాడ్యూళ్లున్నాయో కాగితం మీద రాసుకోండి. పైన చెప్పినట్టు ఏరివేశాక ఎన్ని మిగిలాయో పక్కన రాయండి. తర్వాత వారం రోజులు మ్యాజిస్క్ లాగ్‌ను రోజుకోసారి తెరిచి, మీరు ఫోన్ ముట్టని వేళల్లో ఎవరైనా రూట్ అడిగారేమో చూసి, ఆ వేళా పేరూ రాసుకోండి. ఆ కాగితం దాచిపెట్టుకోండి. నాలుగో పాఠంలో ఏఎఫ్‌వాల్ ప్లస్ అనే ఫైర్‌వాల్‌తో ఒక్కో యాప్‌కి ఇంటర్నెట్ దారి మూసేటప్పుడు మొదట మూయాల్సింది ఆ పేర్లకే.