పోకర్‌లో అదృష్టం సర్దుకుంటుందా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

పోకర్ అనే పేకాటను ఆన్‌లైన్‌లో పందెం కట్టి ఆడడాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది కనుక, విజయవాడలో ఈ సందేహం తీర్చుకోదలచినవారు డబ్బు జోలికి పోకుండా ఒక నాణెం తీసుకోండి. దానిని 100 సార్లు ఎగరవేస్తే, బొమ్మలు 50కి అటూ ఇటూ అయిదు దాకా తేడాగా పడడం సహజం. 10,000 సార్లు ఎగరవేస్తే ఆ తేడా 50 దాకా పెరుగుతుంది, కానీ శాతంగా 5 నుంచి 0.5కు తగ్గుతుంది. అంటే నిష్పత్తి సర్దుకుంటుందే తప్ప పోగొట్టుకున్నది తిరిగి రాదు. ఇది గ్రహించక, వరుసగా ఓడినవారు ఇక తమ వంతేనని పందెం పెంచడం నిజంగా బాధాకరం.

తరువాత ఉత్తుత్తి చిప్పులతో, అంటే డబ్బు విలువ లేని పందెపు బిళ్లలతో పోకర్ ఆడుతూ, చిప్పులన్నీ ఒడ్డిన ప్రతి ఆటకూ గెలుపు అవకాశాన్ని బట్టి రావలసిన వాటాను, నిజంగా వచ్చిన వాటాను పక్కపక్కన రాయండి. ఉదాహరణకు, చేతిలోని రెండు ఆసులు ఎదుటివారి రెండు రాజులపై సుమారు 82 శాతం ఆటలు గెలుస్తాయి; కనుక అక్కడ రావలసిన వాటా ఒడ్డిన మొత్తంలో సుమారు 82 శాతం.