బైబిల్లో నవ్వు కనిపిస్తే ఎలా చదవాలి

బెంగళూరులో మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు నలుగురం కూర్చుని చదువుకునేటప్పుడు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది. ముందు ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో పెన్సిల్‌తో గీత గీయండి.

మార్కు 5:40 తీయండి. పన్నెండేళ్ల పాప చనిపోలేదు, నిద్రపోతోంది అని యేసు అనగానే, అప్పటిదాకా ఏడుస్తున్నవాళ్లే ఆయన్ని "అపహసించిరి". కొత్త నిబంధన మూలభాష గ్రీకులో ఆ మాట కటగెలావో, అంటే ఎగతాళిగా నవ్వడం. లూకా 6:21లో ఏడ్చేవాళ్లకు దొరికే నవ్వు గెలావో, అంటే మామూలుగా నవ్వడం. నాకైతే ఈ తేడా తెలిశాకే ఆ వాక్యం గుండెకు తాకింది. కానీ 25వ వచనంలో ఇప్పుడు నవ్వేవాళ్లను హెచ్చరించేదీ అదే మాట, కాబట్టి సందర్భం కూడా చూడాలి.

తర్వాత సంఘ పితరులు, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకులు, ఏమన్నారో చూడండి. అలెగ్జాండ్రియా క్లెమెంటు నవ్వును అదుపులో పెట్టుకోమన్నాడే గానీ మానేయమనలేదు. క్రిసోస్తోము మాత్రం యేసు ఏడ్చాడని ఉంది, నవ్వినట్టు ఎక్కడా లేదన్నాడు. పిల్లలకు ఇదొక్కటే చెప్పి భయపెట్టకండి, అబ్రాహాము కొడుకు ఇస్సాకు పేరుకే నవ్వు అని అర్థమనీ చెప్పండి.